పోటీ లేని వేలం

మెర్విన్ పెన్‌హేల్ ఎవరితోనూ పోటీకి దిగే మనిషి కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో మూంటా, కాడినా ఊళ్ల మధ్య స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ, ఇరుకు రోడ్డు మీద గోధుమల లారీ ఎదురొస్తే తనే ముందు బండిని మట్టిలోకి దింపి ఆగేవాడు. వయసులో ఉన్నప్పుడు డాన్సు హాల్లో ఒకమ్మాయిని పిలుద్దామని సగం దూరం నడిచి, అటు నుంచి ఇంకొకడు కూడా వస్తున్నాడని చూసి, నిమ్మరసం కోసం బయల్దేరినవాడిలా బల్ల వైపు తిరిగిపోయాడట. అందుకే ఒంటరిగా మిగిలిపోయాడని ఊళ్లో చెప్పుకుని నవ్వేవాళ్లు. అతనూ కాదనేవాడు కాదు.

అలాంటివాడు పాత నోట్ల వేలాల్లో పడ్డాడంటే అది ఏథల్ ట్రెలోర్ చలవ. ఏథల్‌ది రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు. ఒక వాన రోజు బస్సులోని రేడియో మూగబోతే మెర్విన్ దాన్ని ఊడదీసి అక్కడికి పట్టుకెళ్లాడు. బల్ల మీద రెండు గాజు పలకల మధ్య ఒక పాత పౌండు నోటు ఉంది. మెర్విన్ ఊరికే వేలు చాపాడు.

"ఏయ్, ముట్టుకోకు! ముందు చేతులు కడుక్కో," అన్నాడు ఏథల్.

కడుక్కుని వచ్చాడు.

"తుడుచుకున్నావా? సరిగ్గా తుడుచుకున్నావా? సరే, ఇప్పుడు అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లు."

కిటికీ వెలుగులో కాగితం లోపలి నుంచి నీటిగుర్తు మెల్లగా తేలింది. కాస్త వాలుగా పట్టుకుంటే గీతలన్నీ చీమ కాళ్లంత సన్నగా, ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మెర్విన్ తన జేబులోంచి ఎన్ని నోట్లు ఇచ్చి ఉంటాడో, ఒక్కదాన్ని కూడా ఇలా చూసిన పాపాన పోలేదు.

"దీన్ని అచ్చేసినవాళ్లు పోయారు. సంతకం చేసినవాళ్లు పోయారు. దీంతో మందు తాగినవాళ్లూ పోయారు," అన్నాడు ఏథల్. "ఇది మాత్రం చూడు, నిన్న పుట్టినట్టు కూర్చుంది. సిగ్గులేని కాగితం."

రేడియో సంగతి ఆ రోజు ఇద్దరూ మర్చిపోయారు.

అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రాలు మెర్విన్ ట్రెలోర్ల ఇంట్లోనే తినేవాడు. ఏథల్ భార్య నోరీన్ పాస్టీలు, అంటే కూర పెట్టి కాల్చిన మడత రొట్టెలు, చేసేది. వాళ్లమ్మ చేసినట్టే టర్నిప్ ఎక్కువ, మాంసం తక్కువ. ఇద్దరు మగాళ్లూ తినడం అవగానే చేతులు కడుక్కుని ఆల్బమ్‌లు తెరిచేవాళ్లు.

"మొదలైందమ్మా ప్రార్థన," అనేది నోరీన్ గిన్నెలు తీస్తూ. "మెర్వ్, నువ్వన్నా చెప్పు ఈయనకి. ఆ నోట్ల మీది రాజుగారి మొహం చూసి చూసి నాకు జుట్టు నెరిసింది. బాలీ తీసుకెళ్తానని పెళ్లిలో అన్నాడు. ఇంతవరకు అడిలైడ్ దాటించలేదు."

"బాలీలో నోట్లు బాగోవు నోరీన్," అనేవాడు ఏథల్ తలెత్తకుండా.

ఆ చుట్టుపక్కల నోట్లు పోగేసేవాళ్లు ఏథల్, మెర్విన్ కాక ఇంకో ఏడెనిమిది మంది ఉండేవాళ్లు. నెలకోసారి శనివారం మధ్యాహ్నం చర్చి వెనక హాల్లో కలిసేవాళ్లు. వాళ్లకొక కట్టుబాటు ఉండేది. అందరూ ఒకే వ్యానులో అడిలైడ్ వేలానికి వెళ్లే కాలంలో పుట్టింది అది. వెళ్లేటప్పుడు కలిసి వెళ్లి, అక్కడ ఒకరి మీద ఒకరు పాడుకుని, తిరుగుదారిలో మాటల్లేకుండా కూర్చోవడం ఎవరికీ నచ్చలేదు. అందుకని వేలానికి ముందు కూటమిలో జాబితా చదువుతుంటే, ఎవరికి ఏ నోటు మీద మనసుందో వాళ్లు పిడికిలితో బల్ల మీద ఒకసారి తట్టాలి. తట్టాక మిగతావాళ్లు ఆ నోటు జోలికి వెళ్లకూడదు. బయటివాళ్లతో ఎంతైనా కొట్లాడుకోవచ్చు గానీ, మనలో మనకు వద్దు. వేలాలు కంప్యూటర్లోకి వచ్చాక వ్యాను పోయింది, జనం తగ్గారు, బల్ల తట్టడం మాత్రం పోలేదు.

కంప్యూటర్ వేలం మెర్విన్ కోసమే కనిపెట్టినట్టుండేది. ఎదుట మనిషి కనిపించడు. తన పేరు కూడా ఎవరికీ కనిపించదు, ఒక అంకె తప్ప. ఎంతవరకు పాడదలిచాడో ముందే రాసి ఉంచితే, అవతలివాడు పెంచినప్పుడల్లా అతని తరఫున అదే ఒక మెట్టు పైకి పాడుతుంది. ఎవరినీ తోసుకుని వెళ్లనక్కర్లేదు. ఉన్నచోట కూర్చుంటే చాలు.

ఆ ఏడు వేసవి చివర ఏథల్ పోయాడు. గుండె. కొట్టులోనే, బల్ల ముందు కుర్చీలో.

శుక్రవారాలు ఆగలేదు. పాస్టీలు మాత్రం ముగ్గురికి సరిపడానే చేసేది నోరీన్, చెయ్యి అలవాటు పడిపోయి. అప్పటికే ఆమె తుంటి ఎముక అరిగిపోయి, పొయ్యి దగ్గర నుంచి బల్ల దాకా రావడానికి రెండుచోట్ల గోడ పట్టుకుని ఆగేది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే గానీ, వరస చాలా పెద్దది. పేరు రాసుకున్నారు, పిలుస్తామన్నారు, అంతే. డబ్బు కట్టి చేయించుకుంటే నెలలో అయిపోతుంది. ఆ డబ్బులో సగం ఆమె దగ్గర ఉంది.

"ఈయన రాజుగారు నాకు ఒక కాలైనా ఇస్తాడేమో అడుగుదామనుకుంటున్నా," అంది ఒక శుక్రవారం. "ఏ నోటు మంచిది మెర్వ్? నువ్వే చెప్పాలి. నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి."

ఏ నోటో మెర్విన్‌కు ఆలోచించనక్కర్లేదు. అయిదో జార్జి రాజు బొమ్మ ఉన్న పది పౌండ్ల నోటు. దాని మీదున్న రెండు సంతకాలు కలిసి ఉన్న నోట్లు దేశంలో బహు కొద్ది, మడత పడనివి ఇంకా కొద్ది. ఏథల్ దాన్ని ఒక హోటలు యజమాని చనిపోయాక వాళ్ల సామాను వేలంలో సంపాదించాడు. మెర్విన్ వరసలో అదొక్కటే ఖాళీ. తన ఆల్బమ్‌లో దాని కోసం వదిలిన పేజీని చూసి ఏథల్ ప్రతి ఏడూ ఎగతాళి చేసేవాడు, "ఏం గురూ, ఇంకా అతిథి రాలేదా?" అని.

కావాలని అడిగితే నోరీన్ వెంటనే ఇచ్చేస్తుంది. ఎంతిస్తే అంత పుచ్చుకుంటుంది, లేదా ఏమీ పుచ్చుకోదు. అది మెర్విన్‌కు తెలుసు. అందుకే అడగలేదు. తనకది కావాలన్న మాట కూడా ఆమె ముందు ఎత్తలేదు. వేలానికి వెళ్లనీ, దాని ధర అది తెచ్చుకోనీ, ఆ ధరకు తనే కొంటే కొంటాడు, లేదంటే లేదు. న్యాయమైన పద్ధతి అదే అనుకున్నాడు.

"వేలంలో పెడదాం. ఇంతకు తగ్గితే అమ్మం అని అడ్డు ధర పెట్టకు," అని సలహా చెప్పాడు. "అలా పెడితే జనం దగ్గరికి రారు. తక్కువలో మొదలుపెడితే ఎగబడతారు. అదే పైకి పోతుంది."

"పోతుందంటావా?"

"పోతుంది నోరీన్."

అడిలైడ్‌లో ఒక చిన్న వేలం సంస్థకు నోటు తనే తీసుకెళ్లి అప్పగించాడు. మొదటి పాట ఎనిమిది వందల డాలర్లు అని పెట్టారు.

తర్వాతి శనివారం కూటమిలో గ్లెనిస్ జాబితా చదివింది. గ్లెనిస్ ఒకప్పుడు పోస్టాఫీసులో చేసేది. కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, ఉత్తరాలు పంచినట్టే చదువుతుంది. ఏథల్ నోటు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గింది. కసాయి కొట్టు మూసేసి విశ్రాంతిలో ఉన్న డగ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

మెర్విన్ పిడికిలి బల్ల మీద తట్టింది. అతను తట్టాలని అనుకున్నది కూడా లేదు. అన్నేళ్లుగా ఆ నోటు పేరు వినబడితే ఏం చేయాలో ఆ చేతికి తెలుసు.

"తట్టకపోతే కోప్పడేవాణ్ణి," అన్నాడు డగ్. "ఏథల్‌ది నీకు కాక ఎవరికి పోవాలి?"

అందరూ తలలూపారు. గ్లెనిస్ పెన్సిలుతో ఒక గీత గీసి తర్వాతి నోటుకు వెళ్లింది.

వేలం ఆదివారం మధ్యాహ్నం. బయట సముద్రం మీంచి గాలి, వాన. మెర్విన్ టీ కాచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎంతవరకు పాడతావు అన్న చోట పన్నెండు వేలు రాశాడు. బస్సు మానేసిన తర్వాత దాచుకున్నదంతా దాదాపు అదే. అంత ధర పెట్టినందుకు మనసు తేలికగా ఉంది. బయటివాళ్లు దాన్ని పదివేల దాకా ఎలాగూ తీసుకెళ్తారు. వాళ్లు ఇంకా పైకి పోతే నోరీన్‌కు ఇంకా మంచిది. ఎటు చూసినా ఆమె కాలికి ఢోకా లేదు.

నోటు వంతు వచ్చింది. ఎనిమిది వందలు, అది అతని పాటే. తెర మీద సమయం కరుగుతోంది. ఎవరూ పెంచలేదు.

చివర్లో ఎగబడతారులే అనుకున్నాడు. అందరూ చివరిదాకా ఆగేవాళ్లే ఈ రోజుల్లో. ఇంకా కరిగింది. ఎనిమిది వందలు. మెర్విన్ ముందుకు వంగాడు. వద్దు, ఎవరూ రావద్దు, ఇంకొక్క క్షణం ఎవరూ రావద్దు అని అతని లోపల ఎవరో గొణుగుతున్నారు. ఆ గొంతు తనదేనని అతనికి తర్వాత గాని తెలియలేదు.

తెర ఆకుపచ్చగా మారింది. మీరు గెలిచారు.

లేచి నిలబడ్డాడు. గదిలో ఆ చివరికి నడిచి, ఈ చివరికి వచ్చాడు. ఖాళీ పేజీ ఉన్న ఆల్బమ్ తీసి, మూసి, మళ్లీ తీశాడు. నవ్వొచ్చింది. అంత వయసు వచ్చి, ఒక్కడే గదిలో నిలబడి పైకి నవ్వాడు. నోరీన్ గుర్తుకొచ్చింది ఆ నవ్వు మధ్యలోనే.

కుర్చీలో కూలబడ్డాడు. తను రాసిన పన్నెండు వేలు తెర మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ఇంకా ఉన్నాయి. పోటీకి రెండో మనిషి లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆ సంగతి అతనికి తెలియంది కాదు. ఎన్నోసార్లు దానివల్ల లాభపడ్డాడు కూడా.

మర్నాడు డగ్ ఇంటికి వెళ్లాడు. గ్లెనిస్ కూడా అక్కడే ఉంది, డగ్ భార్యతో టీ తాగుతూ.

"రా రా, కోటీశ్వరుడా!" అన్నాడు డగ్. "ఎనిమిది వందలట! ఏథల్ పైనుంచి దీవించినట్టున్నాడు."

"మీరెవరూ పాడలేదేం?" అన్నాడు మెర్విన్.

"అదేం ప్రశ్న? నువ్వు తట్టావుగా."

"తట్టకపోయుంటే?"

గ్లెనిస్ కప్పు కింద పెట్టింది. "నేను తొమ్మిది వేలకు వెళ్లేదాన్ని మెర్వ్. డగ్ ఇంకా పైకి. ఏం డగ్?"

"పైకే," అన్నాడు డగ్. "అసలు మెల్‌బోర్న్ వాళ్లు ఏమైపోయారని?"

"మెల్‌బోర్న్‌లో నిన్న పెద్ద వేలం ఉంది," అంది గ్లెనిస్. "అందరి కళ్లూ అటే. పైగా ఏథల్ ఏనాడూ నోట్లను పరీక్షించి మార్కు వేసే గ్రేడింగుకు పంపలేదు కదా. ఆ ప్లాస్టిక్ తొడుగులు శవపేటికలనేవాడు. తొడుగు, దాని మీద అంకె లేకపోతే బయటివాళ్లు ఈ రోజుల్లో నమ్మరు. కడిగి ఇస్త్రీ చేసిన నోటేమో అనుకుంటారు. అది ఎలాంటి నోటో కళ్లారా చూసినవాళ్లం మనమే."

ఆ మాట పూర్తయ్యేసరికి ముగ్గురికీ విషయం అర్థమైంది. ఆ నోటుకు దేశంలో ఉన్న బేరగాళ్లంతా చర్చి వెనక హాల్లో ఒక బల్ల చుట్టూ కూర్చునే మనుషులు. వాళ్లంతా మర్యాదగా పక్కకు జరిగారు.

"నోరీన్ కాలు," అంది గ్లెనిస్ మెల్లగా.

"తేడా నేనిస్తాను," అన్నాడు మెర్విన్. "రాసింది పన్నెండు వేలు. ఎనిమిది వందలు పోను మిగతాది ఆమెదే."

"అయితే ఇప్పుడే వెళ్లు," అంది గ్లెనిస్.

"చెక్కు తీసుకుని శుక్రవారం వెళ్తా. ఎలాగూ వెళ్లేదే కదా."

ఇప్పుడే వెళ్లు అని ఆమె ఇంకోసారి అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత ఆమెకూ అనిపించింది. మెర్విన్‌కు మాత్రం ఆ నాలుగు రోజులూ కావాల్సి వచ్చాయి. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో ఇంట్లో తిరుగుతూ తనలో తనే పలికి చూసుకున్నాడు. కొన్నది నేనే నోరీన్. నేను తట్టానని ఎవరూ పాడలేదు. దాని అసలు ధర ఇది. ఇందులో జాలి లేదు, ఇది నీ డబ్బే. అద్దం ముందు కూడా చెప్పి చూశాడు. బాగానే వచ్చింది.

శుక్రవారం చెక్కు కోటు లోపలి జేబులో పెట్టుకుని వెళ్లాడు. నోరీన్ ఎప్పటికన్నా హుషారుగా తలుపు తీసింది. చేతిలో కొత్త నాలుగు కాళ్ల ఊతకర్ర.

"చూశావా నా గుర్రాన్ని?" అంది. "దీని పేరు జార్జి. రాజుగారే కొనిపెట్టారు."

మెర్విన్ నవ్వబోయాడు. "నోరీన్, నీతో ఒక సంగతి..."

"ముందు కూర్చో. పాస్టీ చల్లారిపోతుంది. నాకు తెలుసులే, వేలం సంగతేగా? నేనూ చూశానయ్యా. పక్కింటమ్మాయి ఫోన్‌లో చూపించింది. ఒకే ఒక్కడు పాడాడు. వాడెవడో పాపం, చెయ్యి జారి నొక్కి ఉంటాడు." ఆమె అతని పళ్లెంలో పాస్టీ వేసి, పక్కన సాసు పెట్టింది. "నీ తప్పేం లేదు. నువ్వేం మొహం వేలాడేసుకోనక్కర్లేదు. మీరిద్దరూ దాన్ని అంత గొప్పగా చూసుకునేవాళ్లు కాబట్టి గొప్పది అనుకున్నావు. బయట దానికి విలువ లేదు. ఏథల్ ఈ సంగతి తెలియకుండానే పోయాడు, అదే అదృష్టం."

"అది కాదు నోరీన్. ఆ నోటు..."

"మిగతావి నేనే చూసుకున్నా," అంది ఆమె. గొంతులో కాస్త గర్వం వినిపించింది. "ఎప్పుడూ మీరే చెయ్యాలా అన్నీ? పక్కింటమ్మాయే చెప్పింది, పాత నోట్లు ఈ దేశంలో ఎప్పటికీ చెల్లుతాయని. పౌండుకు రెండు డాలర్లు. బుధవారం ఆల్బమ్‌లన్నీ విప్పి బ్యాంకుకు తీసుకెళ్లా. కౌంటర్లో పిల్ల తన జన్మలో చూడలేదట అలాంటివి, మేనేజర్ను పిలిచింది. ఆయన లోపలికెళ్లి ఎవరికో ఫోను చేసి వచ్చి, మీరు అమ్ముకోవాలనుకోవడం లేదు కదా అని అడిగాడు. అమ్మి చూశాం బాబూ, సంతోషించాం, నోటు మీద ఎంత రాసుందో అంత ఇవ్వండి చాలు అన్నా. ఇచ్చారు. పెద్దగా ఏం లేదు. ఈ గుర్రం, ఒక కరెంటు హీటరు వచ్చాయి."

మెర్విన్ ఫోర్కు పళ్లెం అంచున పెట్టాడు.

"అన్నీ?" అన్నాడు.

"అన్నీ. నీలం ఆల్బమ్, గోధుమరంగుది, ఆ పెద్దది."

"అవి ఇంకా బ్యాంకులోనే..."

"ఎక్కడ? ఆ సాయంత్రం సంచిలోనే అడిలైడ్ పంపేస్తామన్నారు. అక్కడ ముక్కలు చేసేస్తారట. పాతవి మళ్లీ బయటికి ఇవ్వరట." ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఏంటయ్యా, అలా అయిపోయావు? నీకేమన్నా కావాల్సినవి ఉన్నాయా అందులో? అయ్యో, అడగాల్సింది. ఒకటి రెండు ఉంచాల్సింది గుర్తుగా."

మెర్విన్ గొంతులో నాలుగు రోజులుగా సిద్ధం చేసుకున్న మాటలు వరసగా నిలబడి ఉన్నాయి. మొదటిది బయటికొస్తే మిగతావన్నీ వస్తాయి. పది పౌండ్ల నోటు అసలు ధర చెప్తే, నీలం ఆల్బమ్ ధర ఆమె తనే అడుగుతుంది. గోధుమరంగుది అడుగుతుంది. పెద్దది అడుగుతుంది. ఒక్కో పేజీలో ఏముండేదో అతనికి కంఠతా వచ్చు. ఆ మూడు ఆల్బమ్‌లతో ఆమె రెండు తుంటులూ, బాలీ, ఈ ఇంటికి కొత్త కప్పూ వచ్చేవి. చెప్పకుండా చెక్కు ఇస్తే, జాలిపడి ఇచ్చావని అతని మీదికే విసిరేస్తుంది. ట్రెలోర్ల ఇంట్లో దానం పుచ్చుకోరు. ఎటు తిరిగినా దారి లేదు.

కోటు జేబు దగ్గరికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది.

"లేదులే," అన్నాడు. "నాకేం అక్కర్లేదు."

"నిజంగా?"

"నిజంగా. పెద్ద విలువైనవి కావు అవి."

"నేనూ అదే అన్నాగా," అంది నోరీన్. కాసేపు కిటికీలోంచి వానను చూసింది. "అయినా మెర్వ్, ఒక్కటి అర్థం కాదు నాకు. అంత తెలివైనవాడు. ఊళ్లో ఏ యంత్రం పాడైనా బాగుచేశాడు. జీవితమంతా కూర్చుని చెత్త కాగితాలు చూసుకున్నాడా? పక్కన నేనుండగా?"

మెర్విన్ ఏదో ఒకటి అనాలి. ఏథల్ చూసింది చెత్త కాదని ఈ ప్రపంచంలో చెప్పగలిగినవాడు ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషే. అతను పాస్టీ కోసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

"తిను," అంది నోరీన్. "టర్నిప్ ఎక్కువైందా?"

"లేదు. బాగుంది."

తిన్నాక గిన్నెలు అతనే కడిగాడు. ఆమె వద్దన్నా వినలేదు. పెద్దాసుపత్రి నుంచి మళ్లీ ఉత్తరం వచ్చిందని, వరస ఇంకా కదల్లేదని, వచ్చే ఏడు చివరికి కావచ్చని ఆమె వెనక నుంచి చెబుతోంది. నొప్పికి బిళ్లలు మార్చారట, వాటితో నిద్ర పడుతోందట, కలలు మాత్రం బాగోవట. మెర్విన్ ఊ కొడుతూ ఒకే పళ్లేన్ని మళ్లీ మళ్లీ తుడిచాడు.

వెళ్లేటప్పుడు ఆమె గుమ్మం దాకా వచ్చింది. కొత్త కర్ర చాపకు తట్టుకుని తూలితే అతను మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాడు. ఆమె బరువు ఒక్క క్షణం అతని కోటు మీద, జేబు మీద పడింది. లోపల చెక్కు నలిగిన చప్పుడు అతనికి వినిపించింది. ఆమెకు వినిపించలేదు.

"వచ్చే శుక్రవారం త్వరగా రా," అంది. "ఒక్కదాన్నే ఉంటే సాయంత్రం గడవడంలేదు."

వస్తానన్నాడు. వానలోకి దిగి కారెక్కి, ఇంజను ఆన్ చేయకుండా చాలాసేపు కూర్చున్నాడు. నోరీన్ వంటింట్లో దీపం ఆర్పి, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ లోపలి గదికి వెళ్లడం కిటికీలోంచి కనిపిస్తోంది. మధ్యలో రెండుచోట్ల ఆగింది.